కాలు తగిలితే

ఐస్ స్కేటు తాళ్ళు బిగించి కట్టడానికి వేళ్ళ బలం ఒక్కటే చాలదు. పిల్ల బెంచీ మీద కూర్చోవాలి, మనం ఎదురుగా చల్లటి రబ్బరు నేల మీద గొంతుక్కూర్చోవాలి, స్కేటు తొడిగిన కాలు మన తొడ మీద పెట్టించుకుని కింది రంధ్రం దగ్గర్నుంచి పైదాకా ఒక్కో వరస లాగుతూ రావాలి. బ్లేడుకు ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కాబట్టి తొడ తెగదు. కోవెంట్రీలో ఆరేళ్ళ పాటు ప్రతి శనివారం పొద్దున ఏడింటికి నేను మా అమ్మాయికి ఆ పని చేశాను. నా మోకాళ్ళ నొప్పికి వయసే కారణమంటుంది మా డాక్టరమ్మ. నాకు మాత్రం ఆ నేల మీదే అనుమానం.

కాలు నా తొడ మీద పెట్టగానే మా అమ్మాయి ముందుకు వంగి, కుడిచేత్తో నా భుజం తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకునేది. రెండో కాలు పెట్టినప్పుడు మళ్ళీ భుజం, మళ్ళీ కళ్ళు. పక్క బెంచీల మీది ఇంగ్లీషు తల్లులు అదేదో ఆటకు ముందు చేసే ప్రార్థన అనుకునేవాళ్ళు. అది ప్రార్థన కాదు. మనిషికి గానీ పుస్తకానికి గానీ కాలు తగిలితే మొక్కుకోవాలని నేను నేర్పిన పద్ధతి. మా అమ్మ నాకు నేర్పింది, నేను దానికి నేర్పాను. అయితే మా అమ్మ నెమ్మదస్తురాలు, రెండుసార్లు చెప్పి ఊరుకునేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పిల్లకు నాలుగేళ్ళప్పుడు సోఫాలో ఎగురుతూ వాళ్ళ నాన్నను డొక్కలో తన్ని, నవ్వి పరిగెత్తబోతే, చెయ్యి పట్టి ఆపి మొక్కించాను. మర్నాడు మళ్ళీ తన్నింది, మళ్ళీ మొక్కించాను.

"నిద్రలో తగిలినా సరే, లేసి మొక్కాల. తెలిసిందా?" అన్నాను.

తెలిసింది. నిజంగానే ఒకసారి నిద్రలో నన్ను తన్ని, కళ్ళు తెరవకుండానే చేయి చాపి నా భుజం కోసం వెతుక్కుంది. నేను పొంగిపోయాను. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరి దగ్గరా చెప్పుకున్నాను. తెలుగు మాట్లాడమంటే ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల, పప్పన్నం పెడితే పాస్తా అడిగే పిల్ల, ఈ ఒక్క విషయంలో అచ్చం అనంతపురం పిల్లలాగా తయారైందని నాకు గొప్ప.

ఇక ఆట సంగతి. రింగెట్ అని చెబితే మా ఆఫీసులో ఇప్పటికీ ఐస్ హాకీ అనుకుంటారు. మా అమ్మాయి ఏడేళ్ళప్పుడు ఎవరిదో పుట్టినరోజుకు మంచు పరిచిన రింకుకు వెళ్ళినప్పుడు, ఒక మూల పదిమంది ఆడపిల్లలు మంచు మీద కర్రలతో ఒక రబ్బరు రింగును తోస్తూ కనిపించారు. నేను బడిలో టెన్నీకాయిట్ ఆడినదాన్ని. అలాంటి రింగే కనబడేసరికి, ఈ ఆట నాకు తెలుసులే అనుకున్నాను. తెలియదని రెండు నిమిషాల్లో తేలిపోయింది. కర్రకు హాకీ కర్రలాగా వంపు ఉండదు, నిటారుగా ఉంటుంది. దాని కొసను రింగు మధ్యలో గుచ్చి తోసుకుంటూ పోయి గోలులోకి కొట్టాలి. రింకుకు అడ్డంగా రెండు నీలం గీతలు ఉంటాయి. రింగు తన దగ్గరున్న పిల్ల దానితో సహా ఆ గీత దాటకూడదు, అవతలున్న తన జట్టు పిల్లకు అందించి తీరాలి. ఎంత మొనగత్తె అయినా ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కతే పోవడానికి లేదు. ఒక్కతే అన్నీ చేసేస్తానంటే కుదరని ఆట. ఆ నియమం విన్నాకే పిల్లను చేర్పించాను.

ఇంకో నియమం ముప్పై సెకన్లది. రింగు చేతికొచ్చిన జట్టు ముప్పై సెకన్లలోగా గోలు మీదికి కొట్టాలి. లేకపోతే రింగు అవతలివాళ్ళదవుతుంది. ఆ ముప్పై సెకన్ల గడియారం నొక్కడానికి ప్రతి మ్యాచ్‌కూ ఒకరు కావాలి. మా క్లబ్బులో ఆ పని నాకొచ్చింది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎదుటివాళ్ళ పనిలో తప్పులు వెతకడం నా బతుకుతెరువు, ఆ గుణాన్ని ఆఫీసులో వదిలేసి ఇంటికి రావడం నాకు చేతకాదు. గడియారం దగ్గర అది బాగా పనికొచ్చింది. ఒక్క సెకను అటూ ఇటూ పోనిచ్చేదాన్ని కాదు.

పదమూడేళ్ళు వచ్చాక ఒక శనివారం మా అమ్మాయి "నేనే కట్టుకుంటా అమ్మా" అంది. సరేనని లేచి గడియారం దగ్గరికి పోయాను. పిల్ల పెద్దదైందని నాకు ఆ రోజే బాగా తెలిసింది.

ఈ దేశంలో ఆ ఆట ఆడేవాళ్ళు కొద్దిమందే కాబట్టి, కష్టపడే పిల్ల త్వరగానే పైకొస్తుంది. పదహారేళ్ళకు జూనియర్ జాతీయ జట్టులోకి తీసుకున్నారు. డిఫెన్సులో ఆడేది, అంటే మన గోలు ముందు కాపలా. పోయినేడు అంతర్జాతీయ పోటీలు మా ఊరికి గంట దూరంలోనే జరుగుతాయని తెలిసి మా క్లబ్బు వాట్సాప్ గ్రూపు వారం రోజులు మోగుతూనే ఉంది. పెద్ద జట్లూ, జూనియర్ జట్లూ ఒకే రింకులో, వారం పాటు. ఫిన్లాండ్, కెనడా, స్వీడన్ లాంటి ఉద్దండులు వస్తారు. మా జూనియర్లు అంతకుముందు ఏ అంతర్జాతీయ పోటీలోనూ ఒక్క మ్యాచ్ గెలవలేదు. అందుకని కప్పు మీద ఎవరికీ ఆశ లేదు.

ఆశంతా ఇంకో దాని మీద. పెద్ద జట్టు డిఫెన్సులో ఒక చోటు ఖాళీ అయింది. రెండు జట్లకూ పెద్ద కోచ్ ఒకావిడే. కెనడాలో పుట్టి పెరిగి ఇక్కడ స్థిరపడిన మనిషి, అవసరమైన దానికంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడదు. జూనియర్ల నుంచి ఒకర్ని తీసుకుంటాననీ, పోటీల చివరి రోజు పేరు చెబుతాననీ ముందే చెప్పింది. మా అమ్మాయికి పద్దెనిమిది నిండాయి. ఇంకో ఏడాదికి జూనియర్లలో ఆడే వయసు దాటిపోతుంది. ఆ చోటు దొరికితే ఆట ఉంటుంది, దొరక్కపోతే పదకొండేళ్ళ ఆట ఇంతటితో సరి. పోటీ ఇద్దరి మధ్యే అని అందరికీ తెలుసు: మా అమ్మాయి, స్విండన్ అనే ఊరి నుంచి వచ్చే ఇంకో అమ్మాయి. ఇద్దరూ ఒకే గదిలో ఉండేవాళ్ళు, ఒకే డబ్బాలో తినేవాళ్ళు. ఈ పోటీ సంగతి వాళ్ళకంటే మా తల్లులకే ఎక్కువ బరువుగా ఉండేది.

వాలంటీర్ల పనుల పట్టికలో నాకు గడియారం పనే పడింది, అయితే ఈ దేశం జట్లు ఆడే మ్యాచ్‌లకు మాత్రం కూర్చోకూడదన్నారు. న్యాయమే. కానీ పదకొండేళ్ళు గడియారం నొక్కిన చేయి ప్రేక్షకుల్లో ఊరికే కూర్చోమంటే కూర్చుంటుందా? మన జట్టు ఆడుతున్నంత సేపూ కోటు జేబులో బొటనవేలితో లేని మీట నొక్కుతూ ముప్పై లెక్కపెట్టుకునేదాన్ని. మా ఆయన అది చూసి, "నీ జేబులో గడియారానికి బ్యాటరీ అయిపోతాది, రొంత ఆపు" అనేవాడు.

మొదటి రెండు మ్యాచ్‌లు చిత్తుగా ఓడిపోయాం. ఓడిపోతామని తెలిసినవే కాబట్టి ఎవరికీ పెద్ద బాధ లేదు. మా అమ్మాయి మాత్రం బాగా ఆడింది. మూడో మ్యాచ్ మాకు సమానమైన జట్టుతో. ఆ రోజు మా వీధిలో ఉండే హైదరాబాదు ఆవిడ కూడా చూస్తానని మాతో వచ్చింది. నన్ను అక్కా అంటుంది, మంచి మనిషి, నోరు మాత్రం ఆగదు. ఆట చివరి రెండు నిమిషాలకు వచ్చేసరికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. నా బొటనవేలు జేబులో పద్దెనిమిది దగ్గర ఉంది.

మన గోలు ముందు అవతలి జట్టు పిల్ల ఒకతి జారి పడింది. రింగు చెదిరి పక్కకు పోయింది. మా అమ్మాయి దాని కోసం తిరగడంలో కాలు ఆ పడిన పిల్ల భుజానికి తగిలింది. దెబ్బేం కాదు, ఊరికే తగిలింది. మా అమ్మాయి ఎడమచేత్తో కర్ర పట్టుకుని వంగింది. కుడిచేతి గ్లవ్‌తో ఆ పిల్ల భుజం తాకింది. ఆ గ్లవ్‌ను హెల్మెట్ ముందరి ఇనుప జాలీకి, కళ్ళున్న చోట, ఆనించింది.

ఒక్క సెకను. అంతకంటే ఎక్కువ పట్టలేదని గడియారం మీద ఒట్టేసి చెప్పగలను. ఆ ఒక్క సెకనులో కాపలా లేని పిల్లకు రింగు అందింది, మన గోలులో పడింది. ఓడిపోయాం.

స్టాండ్సులో అందరూ ఏమైంది ఏమైంది అనుకుంటున్నారు. నా ముందున్న ఇంగ్లీషావిడ వెనక్కి తిరిగి, కంట్లో ఏదో పడ్డట్టుంది పాపం అంది. ఏమైందో తెలిసింది అక్కడ ముగ్గురికే. మా ఆయన తల పట్టుకున్నాడు. నేను కొయ్యబారిపోయాను. మూడో మనిషి హైదరాబాదు ఆవిడ.

"సూసినవా అక్కా! కాలు తగిలిందని దండం పెట్టుకుంది! గీ రోజుల్ల గిట్లాంటి పిల్లలు యాడున్నరు? ఎంత మంచిగ పెంచినవ్ అక్కా!" అంది, నా చేయి పట్టుకుని.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఆవిడ మనస్ఫూర్తిగానే అంది. మామూలు రోజైతే ఆ మాటకు నేను నెల రోజులు పొంగిపోయి ఉండేదాన్ని. ఆ క్షణాన మాత్రం ఆవిడ పిలక పట్టుకుని కిందికి తోసేయాలనిపించింది. టీ తెస్తానని లేచి పోయాను.

ఉద్యోగంలో నాకొక అలవాటుంది. ఎక్కడ తప్పు దొరికినా, ఇది ఎవరి కోడులో పుట్టింది, ఎప్పుడు పుట్టింది అని వెనక్కి వెనక్కి పోయి పట్టుకుంటాను. ఆఫీసులో కోడు రాసే కుర్రాళ్ళు నన్ను చూస్తే దాక్కునేది అందుకే. టీ క్యూలో నిలబడి అదే పని చేశాను. పెద్దగా వెతకాల్సిన పని లేకపోయింది. ఆ తప్పు పెట్టింది నేనే. అదీ ఒకసారి కాదు. ఆరేళ్ళ పాటు ప్రతి శనివారం, స్కేటు తొడిగిన కాలి మీదే, రింకు పక్కనే, రెండు కాళ్ళకు రెండుసార్ల లెక్కన దగ్గరుండి అలవాటు చేశాను. ఇంకెక్కడ మర్చిపోయినా ఆ పిల్ల స్కేట్ల మీద ఉన్నప్పుడు మాత్రం మర్చిపోదు.

జట్టు పిల్లలంతా రింకు దగ్గరి హాస్టల్లో ఉన్నారు. సాయంత్రం ఐదింటికి తల్లిదండ్రులకు అరగంట కలవనిస్తారు. కారులో వెనక సీట్లో కూర్చుని నేను తెచ్చిన ఉగ్గాని తింటోంది మా అమ్మాయి. మరమరాలు చల్లారి కొంచెం మెత్తబడ్డాయి. అయినా తింటూనే ఉంది. నేను ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి కూర్చున్నాను.

"కోచ్ ఏమనింది?"

"ఏంటది అని అడిగింది. హ్యాబిట్ అన్నా." ఇంకో చెంచా తింది. "సీనియర్ టీమ్‌లో ఆ సెకను ఉండదు, గెట్ రిడ్ ఆఫ్ ఇట్ అంది. అంతే. అరవలేదు."

అరిచి ఉంటే బాగుండేది. అరిచేవాళ్ళతో పోట్లాడొచ్చు. రింకులో టీ క్యూలో ఉన్నప్పటి నుంచీ నా నోట్లో ఒక మాట తిరుగుతోంది, అది అనేశాను.

"అది మానేయ్ మే."

"ఏది?"

"కాలు తగిలితే మొక్కేది. మంచు మీద అది పనికిరాదు. ఆట ఆటే, ఇల్లు ఇల్లే."

చెంచా ఆపి నా మొహం చూసింది. "నిద్రలో కూడా మొక్కాలన్నావు. యూ సెడ్ దట్."

"అన్నా. ఇప్పుడు నేనే వద్దంటాండా."

"ఆర్ యూ షూర్, అమ్మా?"

"షూరే."

స్టీరింగ్ ముందు కూర్చున్న మా ఆయన అద్దంలోకి చూస్తూ అందుకున్నాడు. "మొక్కగా ఉన్నప్పుడు వంచింది నువ్వే. ఊరంతా చెప్పుకునిందీ నువ్వే. ఇప్పుడు మానైనాక రెండు దినాల్లో నిటారుగా నిలబడమంటే యాడ నిలబడతాది?"

"నువ్వు గమ్మునుండప్పా. పిల్ల చోటు పోతాంటే సామెతలు చెప్తాండావు."

"ఆ సామెత నీదే," అన్నాడు.

నాకు మండిపోయింది, అది నిజమే కాబట్టి. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. డబ్బా మూత పెట్టి, "ఓకే. ఐ విల్ ట్రై" అని దిగిపోయింది. ఆ పిల్లతో ఉన్న చిక్కే అది. చిన్నప్పటి నుంచీ ఒప్పించడం కష్టం గానీ, ఒకసారి సరే అన్నదంటే చేసి తీరుతుంది.

తర్వాత రెండు రోజులు మ్యాచ్ లేదు, ప్రాక్టీసు మాత్రమే. కుడిచేయి కర్ర మీద నుంచి లేవకూడదని గ్లవ్‌ను కర్రకు టేపుతో చుట్టేసుకుని ఆడిందట. హాస్టల్ వరండాలో అసలు సాధన జరిగిందట. అది చేయించింది ఎవరనుకున్నారు? స్విండన్ అమ్మాయి. ఆ పిల్ల కార్పెట్ మీద అడ్డంగా పడుకుని, "ఇప్పుడు తన్ను" అనేది. మా అమ్మాయి కాలు తగిలించి చేయి కదలకుండా నిలబడాలి. చేయి కదిలితే పది గుంజీళ్ళు. మొదటి రోజు లెక్కలేనన్ని గుంజీళ్ళు తీసిందనీ, జట్టంతా వరండాలో చేరి లెక్కపెట్టిందనీ వీడియో పంపింది. తన చోటుకు పోటీ వచ్చిన పిల్లకు ఇలా దగ్గరుండి నేర్పించడం నేనెక్కడా చూడలేదు. ఆ వీడియో చూసి మా ఆయన కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను. అందులో మా అమ్మాయి చేయి లేచిన ప్రతిసారీ పిల్లలంతా గోల చేస్తుంటే, అది సిగ్గుపడి ఆ చేతిని వెనక్కి లాక్కుంటుంటే, ఎందుకో ఆ వీడియో రెండోసారి చూడలేకపోయాను.

చివరి మ్యాచ్ శనివారం మధ్యాహ్నం. అది కూడా సమానమైన జట్టుతోనే. హైదరాబాదు ఆవిడ మళ్ళీ వచ్చింది, ఈసారి పులిహోర కూడా తెచ్చింది. ఆవిడ మీద నాకు కోపమేమీ మిగల్లేదు. స్విండన్ అమ్మాయి తల్లి నా ఎడమపక్క కూర్చుంది. మేమిద్దరం వాతావరణం గురించీ, మోటర్‌వే మీద ట్రాఫిక్ గురించీ మాట్లాడుకున్నాం. మాట్లాడుకోవాల్సింది మాత్రం ఇద్దరమూ ఎత్తలేదు.

మన జట్టు ఒక గోలు ముందుంది. ఆట ఇంకో నిమిషంలో ముగుస్తుందనగా రింగు మన గోలు ముందుకు వచ్చి పడింది. అక్కడ నలుగురైదుగురు పిల్లలు గుంపుగా తోసుకుంటున్నారు. అవతలి జట్టు పిల్ల ఒకతి మోకాళ్ళ మీద పడింది. నేను లేచి నిలబడ్డాను. మా అమ్మాయి తిరుగుతోంది. తిరగడంలో కాలు ఆ పిల్ల నడుముకు తగలడం నేను స్పష్టంగా చూశాను.

కుడిచేయి కర్ర మీద నుంచి లేచింది. బెత్తెడు లేచిందేమో. అక్కడే ఆగింది. తర్వాత మళ్ళీ కర్ర మీదికి దిగింది. కర్ర కొస రింగులో గుచ్చుకుంది, రెండు అంగల్లో మా అమ్మాయి గీత దాకా వెళ్ళింది, గీత అవతల ఎదురుచూస్తున్న పిల్లకు రింగు అందించింది. నా బొటనవేలు జేబులో మీట నొక్కింది. ముప్పై దాకా లెక్కపెట్టాను, మళ్ళీ మొదలుపెట్టాను. హారన్ మోగింది.

మన జూనియర్లు మొట్టమొదటిసారి ఒక మ్యాచ్ గెలిచారు. పిల్లలంతా గోల్‌కీపర్ మీద పడి గుట్టగా ఏర్పడ్డారు. స్టాండ్సులో ఉన్న కొద్దిమందిమే ఆ రింకు కప్పు ఎగిరిపోయేలా అరిచాం. హైదరాబాదు ఆవిడ పులిహోర డబ్బా పట్టుకునే గంతులు వేసింది. తర్వాత రెండు జట్లూ వరసలో నిలబడి ఒకరికొకరు గ్లవ్‌లు తాకించుకుంటూ నడిచాయి. ఇందాక కాలు తగిలిన ఆ పిల్ల దగ్గరికి వచ్చినప్పుడు మా అమ్మాయి ఏం చేస్తుందా అని చూశాను. అందరికీ తాకించినట్టే గ్లవ్ తాకించి ముందుకు పోయింది. మంచు మీద వద్దన్నది నేనే కదా, మంచి పనే చేసింది అనుకున్నాను.

గంట తర్వాత, పెద్ద జట్టు మ్యాచ్ మొదలవడానికి ముందు, కోచ్ జూనియర్లందరినీ రింకు చుట్టూ ఉండే అద్దం గోడ పక్కన నిలబెట్టి పేరు చెప్పింది. ఒక్క పేరే కాబట్టి ఎక్కువ సేపు పట్టలేదు. మా అమ్మాయి పేరు. వినగానే స్విండన్ అమ్మాయి మా అమ్మాయిని ఎత్తి గిరగిరా తిప్పింది, ఆ తర్వాత టాయిలెట్ వైపు వెళ్ళిపోయింది. వాళ్ళమ్మ నా చేయి గట్టిగా నొక్కి తన పిల్ల వెనకాల వెళ్ళింది. నేను ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను, ఇందులో దాచడానికేమీ లేదు. పొద్దున ఆరింటి అలారాలు, మోకాళ్ళు, గడియారం, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. మా ఆయన నా వీపు తట్టి, "నీ మాటే గెలిచిందిలే" అన్నాడు. అందులో ఎగతాళి లేదు.

డ్రెస్సింగ్ రూము బయట వరండాలో బెంచీ మీద మా అమ్మాయి ఒక్కతే కూర్చుని ఉంది. ఆ చివరి తోపులాటలో కర్ర దెబ్బ తగిలి కుడిచేతి బొటనవేలు వాచిపోయింది. తడిసిన స్కేటు తాళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి. ఎడమచేత్తో ముడి విప్పాలని తంటాలు పడుతోంది. నన్ను చూసి నవ్వింది.

"అమ్మా, కెన్ యూ?"

బ్యాగు పక్కన పెట్టి గొంతుక్కూర్చున్నాను. అదే రబ్బరు నేల, అదే చలి. బ్లేడుకు తొడుగు వేసి కాలు ఎత్తి నా తొడ మీద పెట్టింది. ఐదేళ్ళయింది ఆ కాలు అక్కడికి వచ్చి. బరువు పెరిగింది. నేను తల వంచి ముడి మీద వేళ్ళు పెట్టాను, పెట్టి ఆగాను. చేయి వస్తుందని నా భుజానికి తెలుసు. ఆరేళ్ళు ప్రతి శనివారం వచ్చిన చేయి.

రాలేదు.

మరిచిపోయి కాదు. కాలు పెట్టగానే దాని కుడిచేయి కొంచెం కదలడం నా కంటి చివర కనిపించింది. కదిలి, ఒడిలోనే ఆగిపోయింది. వరండాలో గుంజీళ్ళు తీసి నేర్చుకున్నట్టే సరిగ్గా ఆగింది. దానికి ఆ సంగతే తెలియదు. ఎడమచేత్తో ఫోను చూసుకుంటూ, పెద్ద జట్టు పిల్లలు పంపిన మెసేజులు నాకు చదివి వినిపిస్తోంది.

ముడి విప్పాను. ఒక్కో వరసా వదులు చేస్తూ వచ్చాను. రెండో కాలు పెట్టమన్నాను. ఆ ముడి కావాలనే నెమ్మదిగా విప్పాను. ఏమ్మే, మొక్కు, అని ఒక్క మాట అంటే నవ్వి మొక్కేది. మంచు మీదనే వద్దన్నాను, ఇక్కడ కాదు అని చెబితే వినేది. ఆ మాట నోటిదాకా వచ్చింది. నేర్పించి చేయించుకున్నాను, మానిపించి గెలిపించుకున్నాను, మళ్ళీ ఇప్పుడు అడిగి చేయించుకోవడానికి నాకు మొహం చెల్లలేదు. రెండో స్కేటు కూడా ఊడదీసి, తొడుగులు తీసి, బ్లేడులు గుడ్డతో తుడిచి బ్యాగులో పెట్టాను.

లేవబోతే మోకాలు పట్టేసింది. దాని భుజం పట్టుకుని లేచాను. లేచి, కళ్ళల్లో నీళ్ళు కనబడనివ్వకూడదని అదే చేత్తో కళ్ళు తుడుచుకున్నాను.

మా అమ్మాయి ఫోను దించి, తన భుజం వైపూ నా చేతి వైపూ చూసింది.

"అమ్మా, ఎందుకు మొక్కావు? నీ కాలు నాకేం తగల్లేదే."

"తగిలిందిలే," అన్నాను.